ఖాకీ జట్టు, బడిపంతులు కోచ్

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1891లో మొదలైన ఆ పోటీని మరే జట్టూ వరుసగా అయిదుసార్లు గెలవలేదు. ఈ విజయాలు సాధించిన ఆటగాళ్లకు ఆట జీతం తెచ్చే పని కాదు. వాళ్లలో చాలామంది పోలీసు శాఖ ఉద్యోగులు. నెల జీతం డ్యూటీకి వచ్చేది, ఆట ఆ ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని ఉండేది. అప్పటి భారత ఫుట్‌బాల్ అంతా, కాగితం మీదైనా, అమెచ్యూర్ ఆటే.

ఈ జట్టు పుట్టింది నిజాం కాలంలో. పోలీసు జట్టుకు అప్పట్లో సిటీ అఫ్ఘాన్స్ అనే పేరు ఉండేది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సికింద్రాబాద్, బొల్లారం, బెంగళూరు కంటోన్మెంట్లలో బ్రిటిష్ సైనిక జట్లు ఉండేవి. వాటితో ఆడుతూనే స్థానిక జట్లు రాటుదేలాయి. 1943లో బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో హైదరాబాద్ పోలీసులు రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించారు. హైదరాబాద్ ఆట గురించి బయటి ఊళ్లలో మాట్లాడుకోవడం మొదలైంది అక్కడి నుంచే.

అదే 1943లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆటగాళ్లకు ఆయన చివరిదాకా ‘రహీమ్ సాబే’. 1950లో సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యి, కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. కోచ్‌గా ఆయన బలం ఈ పంతులుతనంలోనే ఉంది. ఆటగాడికి ఏమి రాదో కనిపెట్టడం, దాన్ని ముక్కలుగా విడదీసి నేర్పడం, వచ్చిందాకా చేయించడం ఆయనకు తరగతి గదిలో అలవాటైన పద్ధతి.

ఆ పద్ధతికి నిదర్శనం ఆయన నడిపిన రెండు రకాల టోర్నమెంట్లు. మొదటి దాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. అప్పటి మన మైదానాల్లో మెచ్చుకోలు దక్కేది బంతిని కాళ్ల దగ్గర ఆడిస్తూ ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుపోయే కుర్రాడికే. రహీమ్ ఆ సరదాను పోటీ నియమంతోనే ఆపేశారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అలా ఇవ్వాలంటే బంతి రాకముందే తల ఎత్తి, ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. ఇచ్చాక ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. చూపు, పాస్, పరుగు అనే మూడు అలవాట్లూ ఉపన్యాసం అక్కర్లేకుండా ఒక్క నిషేధంతో వచ్చేశాయి. రెండో రకం పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తడబడుతూ, జనం నవ్వుతున్నా పట్టించుకోకుండా ఆడాల్సిందే. కొన్నాళ్లకు ఏ వైపు నుంచి బంతి వచ్చినా శరీరం తిప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. ఎదుటి డిఫెండర్‌కు ఆ అరక్షణం దక్కకపోవడమే గోల్‌కూ గోల్ తప్పిపోవడానికీ తేడా.

యుద్ధం, దేశ విభజనల వల్ల ఆగిపోయి 1950లో మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్‌లో ఈ శిక్షణ ఫలితం కనిపించింది. ఫైనల్లో పోలీసులు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చారు. కలకత్తాయే భారత ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో దక్షిణాది నుంచి వచ్చిన ఒక ఉద్యోగుల జట్టు అక్కడి అతిపెద్ద క్లబ్బును దాటడం చిన్న విషయం కాదు. 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ మళ్లీ హైదరాబాద్‌కే వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా గెలిచింది. ఆ రోజుల్లోనే రాష్ట్రం స్వరూపం మారి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పోలీసు జట్టు కూడా కొద్దికాలానికి ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మార్చుకుంది. కొత్త పేరుతో 1961లో డ్యూరాండ్, 1960, 1963లలో రోవర్స్ గెలిచి, 1962లో రోవర్స్ కప్పును ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుంది.

జాతీయ జట్టు పగ్గాలు కూడా రహీమ్ చేతికే వచ్చాయి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో దెబ్బ తగిలింది. చలిలో, తడి గడ్డి మీద మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడారు. యుగోస్లావియా 10-1తో ఓడించింది. వట్టికాలికి బంతి స్పర్శ బాగా తెలుస్తుందనేది మన ఆటగాళ్ల నమ్మకం. ఎండిన నేల మీద అందులో నిజముంది. తడి నేల మీద మాత్రం పట్టు దొరకదు, బూటు కాలు ఎదురైనప్పుడు వట్టికాలు వెనక్కి తగ్గుతుంది. హెల్సింకీ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరయ్యాయి.

నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే కోచ్ తీసుకెళ్లిన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ చేశాడు. చివరికి భారత్‌కు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, సలామ్, తులసీదాస్ బలరామ్ హైదరాబాద్ ఆటగాళ్లు. ఒక్క నగరం ఒలింపిక్ జట్టులో ఇంత భాగం కావడం వెనక ఉన్నది పోలీసు జట్టు ఒక్కటే అనుకుంటే పొరపాటు. దాని కింద గల్లీ జట్లూ, బడి జట్లూ, బొల్లారం, బార్కస్ లాంటి బస్తీల కుర్రాళ్లూ ఉన్నారు.

బలరామ్ కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన 1936లో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. స్థానిక మైదానాల్లో ఆడుతుండగా రహీమ్ కంట్లో పడ్డారు. సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెప్పాడు. రాకపోకల ఏర్పాటు రహీమే చూశారు. ఏడాది తిరక్కుండా బలరామ్ ఒలింపిక్స్‌లో ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిపి ఆయన పేరు చెప్పుకోవడం దేశంలో అలవాటైపోయింది. రోమ్ వెళ్లిన జట్టులో రహీమ్ కుమారుడు ఎస్.ఎస్. హకీమ్ కూడా ఉన్నారు. తర్వాత ఆయన వైమానిక దళ అధికారిగా, ఫిఫా రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం మన జట్టు మీద కోపంగా ఉన్నారు. ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణ కొరియా. లీగ్ దశలో ఆ జట్టు చేతిలో భారత్ అప్పటికే 0-2తో ఓడి ఉంది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరసలోకి పంపారు. సెప్టెంబరు 4న పీకే బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టగా భారత్ 2-1తో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే చివరి స్వర్ణం. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆయన జీవితం మీద హిందీలో తీసిన ‘మైదాన్’ 2024లో విడుదలైంది. అజయ్ దేవగణ్ రహీమ్‌గా నటించిన ఆ సినిమాతో చాలామంది తెలుగువాళ్లు ఆ పేరు మొదటిసారి విన్నారు.

రహీమ్ తర్వాత కూడా ఆటగాళ్లు వచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో భారత్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. అదే జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకరు. ఆ మ్యాచ్ 2-2తో డ్రా అయింది. షబ్బీర్ అలీ నాయకత్వంలో 1974లో భారత యువ జట్టు ఆసియా టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకుంది. విక్టర్ అమల్‌రాజ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ కెప్టెన్ అయ్యారు. వీళ్లంతా హైదరాబాదీలే. అయితే వీళ్ల పేరు మోగింది కలకత్తాలో. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లడంతో మొదలైన వలస 1960ల్లో ఆనవాయితీ అయింది. అక్కడి క్లబ్బులు ఇచ్చే డబ్బుకూ, నిండిన గ్యాలరీలకూ పోలీసు ఉద్యోగం పోటీ కాలేకపోయింది.

వలస ఒక్కటే కారణమైతే కొత్త కుర్రాళ్లు ఆ ఖాళీలు నింపేవారు. అసలు బలహీనత జట్టు నిర్మాణంలోనే ఉంది. ఇక్కడ నెదర్లాండ్స్ పల్లెల సంగతి చూడటం పనికొస్తుంది. ఆ దేశంలో ఫుట్‌బాల్ సంఘం 1889లో పుట్టింది. 1954 దాకా డబ్బు తీసుకుని ఆడటానికి ఒప్పుకోలేదు. అంటే సిటీ పోలీస్ అయిదో రోవర్స్ కప్ గెలిచిన ఏడాదిలోనే అక్కడ ప్రొఫెషనల్ ఆట మొదలైంది. అయినా ఊళ్లలోని అమెచ్యూర్ క్లబ్బులు చెక్కుచెదరలేదు. ఊరి క్లబ్బుకు యజమాని ఉండడు, సభ్యులుంటారు. ఏటా చందా కడతారు. చిన్నపిల్లల నుంచి నడివయసు వాళ్లదాకా వయసువారీగా జట్లుంటాయి. క్యాంటీన్ నడిపేదీ, పిల్లలకు కోచింగ్ ఇచ్చేదీ చాలాచోట్ల ఆ ఊరివాళ్లే, అదీ ఉచితంగా. ఆదివారం చర్చికి పోవాలనుకునేవాళ్ల కోసం శనివారం ఆడే క్లబ్బులు వేరుగా ఉండటం కూడా చాలాకాలం నడిచింది. మొదటి జట్టు కింది డివిజన్‌కు పడిపోయినా పిల్లల ప్రాక్టీసు ఆగదు.

సిటీ పోలీస్‌కు ఇలాంటి సభ్యులు లేరు. ఆ జట్టు ఒక శాఖది. అధికారికి ఆట మీద ప్రేమ ఉంటే నియామకాలు జరిగేవి, లేకపోతే లేదు. కింద ఉన్న గల్లీ క్లబ్బులకు సొంత స్థలం లేదు, బడి మైదానాలే దిక్కు. 1983లో క్రికెట్ ప్రపంచ కప్ వచ్చాక పిల్లల చూపు అటు తిరిగింది. 1996లో జాతీయ లీగ్ మొదలై ఆట డబ్బున్న క్లబ్బుల చేతికి పోయాక సంస్థల జట్లకు చోటు తగ్గింది. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ నేల పోవడం. రహీమ్ పాఠాలు చెప్పిన చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా విజయవాడ రోడ్డు పోతుంది. ఒకప్పుడు పొలాలు, చెరువులు ఉన్న ఆ దారి వెంట ఇప్పుడు కాలనీలు, కాలేజీలు, షోరూములు ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక పెద్ద అంబర్‌పేట్ చుట్టూ ప్లాట్ల రాళ్లు పడ్డాయి. మైదానం లేని ప్రైవేటు బడి పిల్లాడు ఫుట్‌బాల్ ఆడాలంటే గంటకింతని అద్దె కట్టి టర్ఫ్‌కు పోవాలి. రానుపోను ఖర్చులకే డబ్బుల్లేని బలరామ్ లాంటి కుర్రాడు ఆ గేటు దాటలేడు. ఆటను నిలబెట్టాలనుకునే మున్సిపాలిటీ ఏదైనా మొదట చేయాల్సింది లేఅవుట్లలో ఆటలకు వదిలిన జాగాను కాపాడి, అక్కడ రెండు గోల్‌పోస్టులు నాటడం.

పెద్ద స్థాయి ఆట మాత్రం నగరానికి తిరిగి వచ్చింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గచ్చిబౌలి స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. తర్వాత డబ్బు కష్టాల్లో పడి, యాజమాన్యం చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అజీజ్‌నగర్‌లో దక్కన్ ఎరీనా పేరిట సొంత స్టేడియం కట్టుకున్న శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లు రెండింట్లోనూ రెండో స్థానంలో నిలిచింది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ మ్యాచ్‌లు ఆ ఎరీనాలోనూ గచ్చిబౌలిలోనూ జరిగాయి. డిసెంబరు 31న జరిగిన ఫైనల్లో పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది.