ప్రకృతి ఛాయాచిత్రణం: మనశ్శాంతికి హొసకోటె చెరువు చూపే మార్గం

కన్ను ఒకచోట, మనసు మరొకచోట, చేయి మూడవచోట ఉండే స్థితి నేటి మనిషికి అలవాటైపోయినది. ఈ మాట మహానగరవాసులకే వర్తిస్తుందనుకొనుట పొరపాటు. బెంగళూరు నగరం తూర్పు దిక్కుగా విస్తరించిన కొలదీ హొసకోటె తాలూకా స్వరూపం మారుతూ వచ్చినది. రాగిచేలు, మల్బరీ తోటలు ఉన్నచోట పారిశ్రామికవాడలు, గిడ్డంగులు వెలిశాయి. రాత్రి పాళీ ఉద్యోగాలు వచ్చాయి. కృష్ణరాజపురం మీదుగా నగరానికి వెళ్ళి వచ్చేవారికి రోజులో గంటల కొలది కాలం రహదారిపైనే గడుస్తుంది. చిత్తూరు జిల్లా మీదుగా సాగే బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారికి కూడా మొదలు హొసకోటె చెంతనే ఉన్నది. వేగం పెరిగినది; విశ్రాంతి తగ్గినది.

ఇంత హడావుడి నడుమ ఊరిని ఆనుకొని ఒక పెద్ద చెరువున్నది. చలికాలపు ఉదయాలలో దాని కట్టమీదికి కెమెరాలు పట్టుకొని కొందరు చేరుతుంటారు. వారిలో పక్షుల కోసం వచ్చేవారు కొందరు, సూర్యోదయం కోసం వచ్చేవారు కొందరు. పైకి చూడగా ఇది కేవలం వినోదం. అయితే ఒక పద్ధతి ప్రకారం చేసినట్లయితే ప్రకృతి దృశ్యాల ఛాయాచిత్రణం చెదరిన మనసును కుదుటపరచే సాధన కాగలదు. ఆ పద్ధతి ఏమిటో, దానికి ఆధారమేమిటో, దాని హద్దులేమిటో తెలుసుకొనుట అవసరం.

చెరువు పూర్వాపరాలు

హొసకోటె అనగా తెలుగులో కొత్తకోట. పాతకోట అయిన కోలారు నుండి వేరుగా గుర్తించుటకు ఈ పేరు వచ్చినదని చెబుతారు. పదహారవ శతాబ్దం చివర సుగటూరు పాళెగాడైన తమ్మేగౌడ ఈ కోటను, పేటను కట్టించినట్లు చరిత్రకారులు వ్రాశారు. ఆనాడు విజయనగర ప్రభువులు పెనుకొండ నుండి ఏలుబడి సాగిస్తున్నారు. కనుక ఈ ఊరికి, తెలుగునేలకు ఉన్న సంబంధం నేటిది కాదు.

చెరువును నింపే దక్షిణ పినాకిని నంది కొండల ప్రాంతంలో పుట్టినది. అదే ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని మన పెన్న. అక్క అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల మీదుగా సముద్రాన్ని చేరగా, చెల్లెలు హొసకోటె చెరువులో కాసేపు నిలిచి, హోసూరు, కృష్ణగిరి మీదుగా సాగి, కడలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఒకే కొండల నుండి బయలుదేరిన రెండు ఏరులలో ఒకటి ఈ కట్టకు ఆనుకొని నిలుస్తుందన్న సంగతి తెలిసినవాడు ఆ నీటిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

శాస్త్రం ఏమంటున్నది?

ప్రకృతిని చూచుట వలన మనసు తేరుకొనునన్నది పెద్దలకు అనుభవంలో ఉన్నదే. దీనికి ఆధునిక పరిశోధన కొంత ఊతమిచ్చినది. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో 23 మందికి కిటికీ నుండి చెట్లు కనిపించేవి. తక్కిన 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు త్వరగా ఇంటికి వెళ్ళారు, తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా వాడారు.

స్టీఫెన్ కప్లాన్, రేచెల్ కప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన గ్రంథంలో దీనికొక వివరణ ఇచ్చారు. లెక్కలు వ్రాయునప్పుడు, వాహనం నడుపునప్పుడు మనం బలవంతంగా నిలిపే ఏకాగ్రత కొంతసేపటికి అలసిపోతుంది. నీటి అలలు, మబ్బుల కదలిక, ఆకుల గలగల మన చూపును మృదువుగా పట్టుకొంటాయి. అందుకు ప్రయాస అక్కరలేదు. ఆ వేళలో అలసిన ఏకాగ్రతకు విశ్రాంతి దొరుకుతుంది. జపాను అటవీ శాఖ 1982లో ‘అరణ్యస్నానం’ అనే భావనను ప్రచారంలోకి తెచ్చుటలోని ఉద్దేశం కూడా ఇట్టిదే.

ఇంగ్లండులో సుమారు 20 వేలమంది ఇచ్చిన వివరాలతో 2019లో ఒక అధ్యయనం వెలువడినది. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారు తమ ఆరోగ్యం, మనఃస్థితి బాగున్నవని చెప్పే అవకాశం ఎక్కువని అందులో తేలినది. ఆ రెండు గంటలను ఒకేసారి గడిపినా, కొద్దికొద్దిగా గడిపినా తేడా కనిపించలేదు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటికి వెళుతుండవచ్చును గనుక దీనిని తిరుగులేని ఋజువుగా భావించరాదు. అయినను వారానికి రెండు గంటలన్నది సామాన్యునికి అందుబాటులో ఉన్న లెక్కయే.

కెమెరా మిత్రమా, శత్రువా?

కన్నులు ఉండగా కెమెరా ఎందుకన్న ప్రశ్న సహజం. ఈ ప్రశ్నకు జవాబు కెమెరాను వాడే తీరులో ఉన్నది.

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా హెంకెల్ 2014లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ గమనింపదగినది. వస్తుప్రదర్శనశాలకు తీసుకొనివెళ్ళిన విద్యార్థులలో, వస్తువులను ఫొటో తీసినవారు వాటిని కేవలం చూసిన సందర్భంలో కన్నా తక్కువగా జ్ఞాపకం పెట్టుకొన్నారు. జ్ఞాపకం ఉంచుకొనే పనిని మనసు యంత్రానికి అప్పగించి తాను తప్పుకొన్నదన్నమాట. అయితే వస్తువులోని ఒక భాగాన్ని ఎంచుకొని దగ్గరగా చిత్రించినప్పుడు ఈ నష్టం కలుగలేదు. ఎంచుకొనుటకు నిదానించి చూడవలెను. ఆ చూపే జ్ఞాపకాన్ని నిలిపినది.

చెరువు కట్టమీద కూడా ఇదే కనిపిస్తుంది. వచ్చీ రాగానే సెల్‌ఫోను ఎత్తి, వరుసగా నలభై ఫొటోలు తీసి, అక్కడే నిలబడి వాట్సాప్‌లో పంపి, ఎవరు ఏమన్నారోనని చూసుకొనేవాడు చెరువును చూసినట్లు కాదు. ఇంటి నుండి తెచ్చుకొన్న తొందరనే అతడు తిరిగి ఇంటికి మోసుకొని పోతాడు. కొంతసేపు ఊరక కూర్చుండి, ఒక్క తుంగదుబ్బును ఎంచుకొని, దానిపై వెలుగు పడేవరకు వేచి, ఒకటి రెండు చిత్రాలు తీసేవానికి కెమెరా చూపును నిలిపే సాధనమవుతుంది. ఫిల్ము కాలంలో ఈ నిదానం తప్పనిసరి. రోలులో 36 ఫ్రేములే ఉండేవి. ప్రతి నొక్కుకూ ఖర్చుండేది. నేడు ఆ హద్దును మనమే విధించుకోవలెను.

సాధన విధానం

ఖరీదైన కెమెరా అవసరం లేదు. సాధారణమైన సెల్‌ఫోను చాలును. జనవరిలో హొసకోటెలో సూర్యోదయం ఆరున్నర దాటిన తరువాత అవుతుంది కనుక ఆరు గంటలకు కట్ట చేరినచో సరిపోతుంది. తెల్లవారకముందే బిరియానీ కోసం బారులు తీరే ఊరిలో ఆ వేళకు మేల్కొనుట కష్టమేమీ కాదు.

మొదటి పది నిమిషాలు కెమెరా సంచిలోనే ఉండవలెను. ఫోను అయినచో శబ్దాలను, సందేశాలను నిలిపివేయవలెను. కూర్చుండి శ్వాసను గమనించవలెను. తరువాత వినవలెను: దూరాన లారీల రొద, దగ్గరలో నీటికోడి కూత, గట్టుకు తగిలే అల. రొదను తిట్టుకొనక అదీ ఒక శబ్దమేనని విని వదలివేయుట ఈ సాధనలో భాగం.

తరువాతి ఇరవై నిమిషాలు వెలుగును మాత్రమే గమనించవలెను. సూర్యుడు దిక్చక్రం వద్ద ఉన్నప్పుడు అతని కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఆ దారిలో నీలివెలుగు చెదరిపోయి, ఎరుపు, నారింజ రంగులు మనకు చేరుతాయి. చల్లని ఉదయాలలో నీటిపై పొగ లేచుటకు కూడా కారణమున్నది. చెరువు నీరు గాలికన్నా నిదానంగా చల్లబడుతుంది; వెచ్చని నీటి నుండి లేచిన ఆవిరి చల్లగాలి తగిలి సన్నని బిందువులుగా మారుతుంది. ఎండ ఎక్కగానే అది కరగిపోతుంది. ఈ కారణాలు తెలిసినవాడు ‘తరువాత ఏమి జరుగును’ అని ఎదురుచూస్తాడు. అట్లు ఎదురుచూచునప్పుడు నిన్నటి చింత, రేపటి భయం కొంతసేపు వెనుకకు తగ్గుతాయి.

ఆపై కెమెరా తీయవచ్చును. ఒక ఉదయానికి పన్నెండు చిత్రాలు చాలును. కూర్చున్న చోటు నుండి ఇరవై అడుగులు మించి కదలరాదు. మీట నొక్కకముందు ‘నన్ను ఇక్కడ నిలిపినదేమిటి?’ అని తనను తాను ప్రశ్నించుకోవలెను. రంగా, నీడా, ఆకారమా, నిశ్శబ్దమా? జవాబు తోచిన తరువాతనే నొక్కవలెను. తీసిన చిత్రాన్ని అక్కడికక్కడే చూసుకొనరాదు. ఇంటికి వెళ్ళి, మరునాడు తీరికగా చూసి, ఒక్కదానిని ఉంచుకొని, దాని కింద తేదీ, రెండు వాక్యాలు వ్రాసుకొనవలెను. ఇతరులకు పంపుట ఈ సాధనలో భాగం కాదు. మెప్పు కోసం తీయుట మొదలైన మరుక్షణం మనసు మళ్ళీ పందెంలో పడుతుంది.

వారానికొకసారి అదే చోటికి వెళ్ళుట మేలు. కొత్త చోట్ల కోసం పరుగెత్తేవానికి దృశ్యాలు దొరుకును. ఒకేచోటికి తిరిగి వెళ్ళేవానికి మార్పు కనిపించును. శీతకాలంలో మధ్య ఆసియా నుండి హిమాలయాలు దాటి వచ్చే, తలపై రెండు నల్లచారలు గల బాతులు ఈ చెరువున కనిపించిన సందర్భాలున్నవి. గూడబాతులు, కొంగలు సరేసరి. వానలు తప్పిన ఏట నీరు వెనుకకు జరిగి పగుళ్ళిచ్చిన బురద కనిపిస్తుంది. దానిని కూడా చిత్రించవలెను. మంచి దృశ్యాన్నే కోరే మనసుకు, ఉన్నదానిని ఉన్నట్లు చూచుట నేర్పే పాఠమది.

పేర్లు తెలిసిన చూపు

చూపుకు భాష కూడా తోడు కావలెను. చెరువంటే నీరు మాత్రమే కాదు. కట్ట, తూము, కాలువ, ఆయకట్టు అన్నీ కలిసినదే చెరువు. మిగులు నీరు పొర్లిపోయే చోటును కన్నడంలో కోడి అంటారు, రాయలసీమలో మరవ అంటారు, కోస్తాలో అలుగు అంటారు. సరిహద్దు ప్రాంతపు పిల్లలకు ఈ రెండు భాషల మాటలూ ఇంట్లోనే దొరుకుతాయి. పేరు తెలిసిన వస్తువు కంటికి త్వరగా ఆనుతుంది. పిల్లలను వెంట తీసుకొని వెళ్ళే పెద్దలు ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పేరు వ్రాయించినట్లయితే, చూపుతో పాటు మాట కూడా నిలుస్తుంది.

ఇట్లు చూడనేర్చినవానికి మరొక సంగతి కూడా కనిపించక మానదు. నీటి అంచున చేరిన ప్లాస్టిక్ సంచులు, కట్టడాల మట్టి, మురుగు నురుగు కూడా ఆ చట్రంలోకే వస్తాయి. వాటిని తప్పించి అందమైన మూలను మాత్రమే తీయవచ్చును. కాని, ఏడాది పొడవునా ఒకే చోటు నుండి తేదీతో సహా తీసిన చిత్రాలు చెరువు స్థితికి సాక్ష్యంగా నిలుస్తాయి. తనను ఓదార్చిన చెరువు కోసం మనిషి చేయగల చిన్న సేవ అది.

హద్దులు, జాగ్రత్తలు

గూళ్ళ దగ్గరకు పోరాదు. పక్షులు ఎగిరే దృశ్యం కోసం రాళ్ళు రువ్వరాదు. చేపలు పట్టేవారిని, బట్టలు ఉతికేవారిని అనుమతి లేక చిత్రించరాదు. నిండిన చెరువులో తూము దగ్గర, జారుడు రాళ్ళమీద నిలబడి సెల్ఫీలు తీసుకొనుట ప్రాణాంతకం. చీకటి ఉండగా ఒంటరిగా వెళ్ళుటకన్నా తోడుతో వెళ్ళుట క్షేమం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటున్నది. ఈ సాధన మనసుకు ఆసరా మాత్రమే, చికిత్సకు బదులు కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలినది. వారిలో అధిక సంఖ్యాకులకు చికిత్స అందలేదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా వైద్యుని కలువవలెను. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, కన్నడంలోను మాట్లాడవచ్చును.

తక్కినవారికి, అనగా అలసటతో, చికాకుతో, చెదరిన ధ్యాసతో రోజులు గడిపే మనలో అధికులకు, మందు దుకాణంలో దొరకనిది కట్టమీద కొంత దొరుకును. ప్రతి ఊరికీ హొసకోటె చెరువంత చెరువు ఉండకపోవచ్చును. ఊరి కుంట, గుట్ట, ఇంటి వెనుక వేపచెట్టు ఏదైనను చాలును. వచ్చే ఆదివారం ఉదయం ఒక గంట, పన్నెండు చిత్రాలు, ఒకే చోటు. నాలుగు వారాలు ఇట్లు చేసి చూసినవారు, తీసిన చిత్రాలు ఎట్లున్నవనే దానికన్నా తమ చూపు ఎట్లున్నదని పరీక్షించుకొనుట మంచిది.