జాజికాయ దీవులు

పసిబిడ్డకు జాజికాయ యరగదీసి నాకించునపుడు, తాంబూలమున జాపత్రి చేర్చునపుడు, వానికై పారిన నెత్తురు మనకు స్ఫురింపదు. పూర్వము లోకమునకంతకును ఈ రెండు సరకులును నేటి ఇండోనీషియాలోని బాందా దీవులనుండియే వచ్చుచుండెడివి.

1512లో పోర్చుగీసువారు వచ్చి, కొనుగోలుతోనే తృప్తి నొందిరి. తరువాత వచ్చిన డచ్చివారు, అనఁగా మన పెద్దలు వలందావారనెడివారు, సరకంతయుఁ దమకే యమ్మవలెనని నిర్బంధించిరి. దీవులవా రాంగ్లేయులకును అమ్మగా, 1621లో డచ్చి గవర్నరు జనరలు కూన్ దండెత్తి 44 మంది పెద్దల తలలు కొట్టించెను. సుమారు 15,000 జనములో నచ్చట వేయిమందియే మిగిలిరందురు. తోటలను డచ్చివారికిఁ బంచిపెట్టి, క్రొత్తగాఁ దెచ్చిన బానిసలకుఁ బని నేర్పుటకై చిక్కిన బాందావారినే బానిసలుగా నుంచిరి. తమ తోటలోఁ దామే బానిసలగుట యెంతటి దుఃఖమో యా తల్లులనే యడుగవలెను!

ఈ దీవులలో రన్ అనునది యాంగ్లేయులు తమదనుచుండిరి. 1667 బ్రేడా సంధిలో దానిని డచ్చివారికి విడిచి, తాము పట్టుకొనియున్న న్యూయార్కు నుంచుకొనిరి. మరల 1796లోను, చెన్నపట్టణమునుండి యోడలు పంపి 1810లోను బాందాను గెలిచి, రెండుమార్లును దిరిగి యిచ్చివేసిరి. ఈ నడుమ జాజిమొక్కలను పినాంగు, సింహళములకుఁ దరలింపఁగా డచ్చివారి గుత్త చెడినది. 1942లో జపానువారు వచ్చిరి. 1949లో డచ్చివారు ఇండోనీషియా స్వాతంత్ర్యము నంగీకరించిరి.

నాఁడు పడవలపైఁ బాఱిపోయిన బాందావారి సంతతివారు కెయీ దీవులలో నేఁటికిని బాందాభాష మాటలాడుచున్నారు. బాందాలో నా భాష వినఁబడదు.