రాగి తీగకు పురి

పొందూరు పేరెత్తితే సన్న ఖాదీయే గుర్తుకొస్తుంది. వలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వంద కౌంటు నూలు తీసే చేతులున్న ఊరది. అలాంటి ఊళ్లో హైస్కూలుకు కొత్త కంప్యూటర్లు దిగి, వాటన్నింటినీ కలిపి నెట్‌వర్కుగా చేయాల్సి వస్తే, ఆ పని గుట్టు తెలుసుకోవడానికి పిల్లలు దూరం వెళ్లక్కర్లేదు. దూదిని దారంగా నిలబెట్టేది పురి. కంప్యూటర్ల మధ్య మాట చెదరకుండా కాపాడేదీ పురే.

నెట్‌వర్కు కేబుల్‌ను జానెడు కోసి పైతొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు కనిపిస్తాయి. రెండేసి చొప్పున నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి రంగుకూ తెల్లచారలున్న తోడు ఒకటి. జతలోని రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. ఇంకాస్త పరీక్షగా చూస్తే నాలుగు జతల పురీ ఒక్కలా లేదని తెలుస్తుంది. ఒకటి బిగుతు, ఇంకొకటి కాస్త వదులు. తయారీలో లోపమేమో అనిపిస్తుంది గానీ, అది కావాలని చేసిందే.

తీగలో కరెంటు మారుతూ ప్రవహిస్తే చుట్టుపక్కల తీగల మీద దాని ప్రభావం పడుతుంది. గోడలో పోతున్న ఫ్యాను వైరు, ట్యూబులైటు చోకు, పక్క జతలో పరుగెత్తుతున్న సంకేతం, ఇవన్నీ మన తీగలోకి అక్కర్లేని వోల్టేజీని తోస్తాయి. దాన్ని రొద అందాం. రొదను ఆపడం కష్టం. అందుకే ఇంజనీర్లు దాన్ని ఆపే ప్రయత్నం మాని, లెక్కలోంచి కొట్టేసే ఉపాయం పన్నారు. ఒకే సంకేతాన్ని రెండు తీగల మీదా పంపుతారు, ఒకదాని మీద ధనంగా, రెండోదాని మీద రుణంగా. అవతలి చివర అందుకునే యంత్రం ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. ఒక తీగలో +1 వోల్టు, రెండోదాంట్లో −1 వోల్టు ఉంటే తేడా 2. దారిలో రెంటి మీదా అర వోల్టు రొద పడిందనుకోండి. ఇప్పుడవి +1.5, −0.5. తేడా మళ్లీ 2 వోల్టులే.

ఈ లెక్క కుదరాలంటే రొద రెండు తీగల మీదా సమానంగా పడాలి. తీగలు తిన్నగా పక్కపక్కనే పోతే, ఫ్యాను వైరుకు దగ్గరగా ఉన్న తీగే ఎక్కువ రొద మోస్తుంది. పురి పెడితే ఒక మెలికలో దగ్గరున్న తీగ తర్వాతి మెలికలో దూరమవుతుంది. కేబుల్ పొడవునా ఇద్దరికీ సమాన వాటా. ఇక పక్కపక్క జతలకు ఒకే కొలత పురి ఉంటే మెలికకు మెలిక సరిపోయి ఈ వంతులు మారడం పనిచేయదు. నాలుగు జతలకూ నాలుగు కొలతలు పెట్టింది అందుకే.

ఈ ఉపాయానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో టెలిఫోనుకు ఒక్క తీగే వేసి, తిరుగుదారిగా భూమిని వాడుకునేవారు. పక్కన పోయే టెలిగ్రాఫు తీగల టకటకలు ఫోనులో వినబడేవి. ఆ బాధకు వేసిన మందు ఇవాళ మన బడి గదిలో సెకనుకు వంద కోట్ల బిట్లను మోస్తోంది.

పురి విలువ తెలిసేది కేబుల్ చివర కనెక్టరు బిగించేటప్పుడు. తొడుగు ఒలిచి, జతలు విప్పి, తీగల్ని వరసగా సర్దాలి: తెల్లచార నారింజ, నారింజ, తెల్లచార ఆకుపచ్చ, నీలం, తెల్లచార నీలం, ఆకుపచ్చ, తెల్లచార గోధుమ, గోధుమ. చివర్లు సమంగా కత్తిరించి, ఆర్‌జే 45 కనెక్టరులోకి తోసి, క్రింపర్‌తో నొక్కాలి. పురి విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. పని సులువవుతుందని రెండు అంగుళాలు విప్పేస్తే, ఆ రెండు అంగుళాల మేరా తీగలకు కాపలా లేనట్టే.

ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత వచ్చి కూర్చోవడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. పాత టెలిఫోను కనెక్టర్లలో మధ్యనున్న రెండు పిన్నులే మాటకు వాడేవారు, ఆ అమరిక చెడకూడదని అలా ఉంచారు. ఈ సంగతి తెలియక కొందరు నాలుగు జతల్నీ వరసపెట్టి పక్కపక్కనే బిగించేస్తారు. రెండు చివర్లా అదే వరస కాబట్టి చేతిలో పట్టే చిన్న టెస్టరు మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరసగా వెలుగుతాయి. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ మూడు, ఆరు పిన్నుల మీద నడిచే సంకేతానికి ఇప్పుడు రెండు వేర్వేరు జతల్లోంచి చెరో తీగ దొరికింది. ఆ రెంటికీ పురి బంధం లేదు. కేబుల్ పొట్టిదైతే పని జరిగిపోతుంది. పొడవైతే నెట్‌వర్కు ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. ఇంత చిన్న తప్పు ఇంత కాలం దాగి ఉండడం నెట్‌వర్కు పనిలో నన్ను అన్నింటికన్నా ఆశ్చర్యపరిచే విషయం.

కేబుల్ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. చవక రకాల్లో అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసి అమ్ముతారు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియం నిరోధకత రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే, పైగా నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. పదేళ్లుండాల్సిన పనికి అది తగదు.

కేబుళ్లన్నీ వెళ్లి స్విచ్‌లో కలుస్తాయి. అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న ఈథర్‌నెట్ గురించి తొలి పత్రం రాసినప్పుడు అందరికీ ఒకటే తీగ. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు ఆగాలి, ఇద్దరు ఒకేసారి మొదలెడితే ఇద్దరి మాటా పోయేది. స్విచ్ వచ్చాక ఎవరి దారి వారిదైంది. ఏ రంధ్రం వెనక ఏ కంప్యూటరుందో స్విచ్ తనంతట తానే గుర్తుపెట్టుకుని, ఎవరికి చేరాల్సింది వారికే పంపుతుంది. వైఫైలో మాత్రం ఇప్పటికీ గాలి ఉమ్మడి ఆస్తే. ఒక గదిలో నలభైమంది పిల్లలు ఒకేసారి ఒకే వీడియో తెరిస్తే అందరూ వంతు కోసం కాచుకోవాలి. కంప్యూటరు గదికి తీగే మేలని నేననేది అందుకే.

ఇక అసలు మాట. "మాస్టారూ, నెట్ పోయింది" అన్న కేక వినబడితే చాలాచోట్ల కంప్యూటరు పీరియడు అక్కడితో సరి. అలా కానక్కర్లేదు. ఇంటర్‌నెట్ బడి బయటి సంగతి, నెట్‌వర్కు బడి లోపలి సంగతి. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వెళ్తాయి. తక్కువ ఖర్చుతో ఊరూరా చేరడానికి అది మంచి దారే. కానీ స్తంభం పడితే కరెంటుతోపాటు నెట్ కూడా పడిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు ఎలా నేలకూలాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

గదిలో ఒక కంప్యూటరును సర్వరుగా పెట్టి, పాఠాలన్నీ దాంట్లో దాచుకుంటే బయటి నెట్ ఉన్నా లేకున్నా తరగతి నడుస్తుంది. 200 మెగాబైట్ల పాఠం వీడియోను ఇరవై కంప్యూటర్లలో విడివిడిగా దించుకోవాలంటే, సెకనుకు 20 మెగాబిట్ల కనెక్షన్‌లో సుమారు 27 నిమిషాలు పడుతుంది. పీరియడులో సగానికి పైగా అయిపోయినట్టే. అదే సర్వరు నుంచి గిగాబిట్ స్విచ్ మీదుగా వస్తే అర నిమిషం, మహా అయితే నిమిషం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దాన్ని మొత్తంగా దించి ఒక పెన్ డ్రైవులో పెట్టుకోవచ్చు. సర్వరుగా పాత కంప్యూటరైనా సరిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకన్నా పెద్ద ప్రయత్నమే జరిగింది. 2008 ప్రాంతంలో 5,000 ప్రభుత్వ బడుల్లో, 18 లక్షల మంది పిల్లల కోసం కంప్యూటరు గదులు తెరిచారు. ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పద్ధతిలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకునేవారు. దాంట్లో ఒక కార్డు, దాన్నుంచి ఇదే మెలికల కేబుల్, అవతల అరచేతిలో పట్టే డబ్బా, ఆ డబ్బాకు మానిటరు, కీబోర్డు, మౌసు. ఒకరు టైపు చేస్తున్నప్పుడు కంప్యూటరు మెదడు చాలావరకు ఖాళీగానే ఉంటుంది కనుక, ఆ ఖాళీని నలుగురికీ పంచారు. కరెంటు ఖర్చు బాగా తగ్గింది. అసలు కంప్యూటరు మూలపడితే మాత్రం దాని మీద ఆధారపడ్డ సీట్లన్నీ మూలపడేవి. ఐదేళ్ల ఒప్పందాలు ముగిసి కంప్యూటరు బోధకులు వెళ్లిపోయాక చాలా గదులకు తాళాలు పడ్డాయి. పరికరాల ఆలోచన మంచిదే. చెడిపోతే విప్పి చూసే మనిషి బడిలో మిగలకపోవడమే పెద్ద దెబ్బ.

కరెంటు విషయం రెండు మాటల్లో చెప్తాను. సరైన ఎర్త్ లేని గదిలో కంప్యూటరు పెట్టె తాకితే చేయి జివ్వుమంటుంది, అది పిల్లలుండే చోట అసలు సహించకూడని సంగతి. మన ప్రాంతంలో పిడుగులెక్కువ కనుక ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రాగి కేబుల్ లాగకండి. రాగి కేబుల్ హద్దు ఎలాగూ 100 మీటర్లే. భవనాల మధ్య ఆప్టికల్ ఫైబర్ వేస్తే, గాజులో కరెంటు పారదు కాబట్టి పిడుగు పోటు ఇటునుంచి అటు పాకదు.

కేరళలో 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో హైస్కూళ్లలో పిల్లల బృందాలు పెట్టి హార్డ్‌వేరు పనులు కూడా నేర్పించడం మొదలెట్టారు. మన దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్లకేమీ తీసిపోరు. క్రింపర్, కనెక్టర్ల పొట్లం, టెస్టరు బీరువాలో కాకుండా వాళ్ల చేతుల్లో ఉండాలి. ఏ స్విచ్ రంధ్రం ఏ బల్లకు పోతుందో వాళ్లే రాసి గోడకు అతికించాలి. కొత్త కేబుల్ చుట్ట వచ్చిన రోజున నలభై మీటర్ల ముక్కలు రెండు కోయండి. ఒకదానికి సరైన వరసలో, రెండోదానికి జతలు పక్కపక్కనే పెట్టే తప్పు వరసలో కనెక్టర్లు బిగింపజేయండి. టెస్టరు మీద రెంటికీ ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. తర్వాత ఒక్కో కేబుల్ మీదుగా సర్వరు నుంచి ఒకే పెద్ద ఫైలును కాపీ చేయించి, ఎన్ని సెకన్లు పట్టిందో నోట్‌బుక్కులో రాయించండి.