పాత మజిల్ కార్‌కి ఏ క్యామ్‌షాఫ్ట్ వేయాలి? సౌండ్ చూసి కొంటే మాకేమైందో చెప్తా

పోయిన ఎపిసోడ్‌లో ఇంజిన్ విప్పాక బ్లాక్‌లో ఏమేం చెక్ చేయాలో చూశాం కదా. ఈరోజు క్యామ్‌షాఫ్ట్ గురించి. ముందే ఒకటి ఒప్పుకుంటున్నా: ఈ విషయంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. అక్కడినుంచే మొదలుపెడదాం.

మా పెద్దమ్మ వాళ్లబ్బాయి, అన్నయ్య, డాలస్ దగ్గర ఉంటాడు. తన గరాజ్‌లో 1972 షెవర్లే నోవా ఉంది. 350 క్యూబిక్ ఇంచ్ వీ8, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ 3.08. నేను ప్రాజెక్ట్ పని మీద అక్కడున్నప్పుడు ఇద్దరం వీకెండ్స్‌లో ఇంజిన్ కట్టాం. "ఏరా, క్యామ్ సంగతి నువ్వే చూడు, బీటెక్ మెకానికల్ నువ్వే కదా" అన్నాడు. నేను కేటలాగ్‌లో పెద్దదే చూసి ఆర్డర్ పెట్టించా. ఎందుకు? ఐడిల్‌లో ఆ "డబ్-డబ్... డబ్" సౌండ్ వీడియోలో అదిరిపోతుందని. అంతకు మించి కారణం ఏమీ లేదు.

సరే, అసలు క్యామ్ ఏం చేస్తుంది? క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద 16 లోబ్‌లు, అంటే గుడ్డు ఆకారంలో ఉండే బొడిపెలు. ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, అన్నీ వాటి ఆకారమే డిసైడ్ చేస్తుంది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హార్డ్‌కోడ్ చేసిన షెడ్యూలర్. ఇప్పటి కార్లలో వాల్వ్ టైమింగ్ నడుస్తుండగానే మారుతుంది. 1972 బండిలో అలా కుదరదు. 700 ఆర్‌పీఎంకైనా 6000కైనా ఒకటే షెడ్యూల్. కాబట్టి ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సిందే. ఎక్కడ పడాలన్నదే క్యామ్ సెలెక్షన్.

కేటలాగ్‌లో మూడు నంబర్లు చూడాలి.

మొదటిది లిఫ్ట్. వాల్వ్ ఎంత ఎత్తుకు లేస్తుంది అని. ఇది పెంచితే గాలి ఎక్కువ వస్తుంది, కానీ స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోకూడదు, రిటైనర్ వెళ్లి గైడ్‌కి తగలకూడదు, వాల్వ్ పిస్టన్‌కి తగలకూడదు. ఈ మూడు గ్యాపులూ కొలిచాకే లిఫ్ట్ గురించి మాట్లాడాలి.

రెండోది డ్యూరేషన్. వాల్వ్ ఎన్ని క్రాంక్ డిగ్రీలపాటు తెరిచి ఉంటుంది అని. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డబ్బా మీద వేసే అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్‌ని ఒక్కో కంపెనీ ఒక్కోచోట నుంచి కొలుస్తుంది. అందుకే రెండు క్యామ్‌లు పోల్చేటప్పుడు 0.050 అంగుళం దగ్గర కొలిచిన నంబరే చూడండి.

మూడోది లోబ్ సెపరేషన్ యాంగిల్. ఇన్‌టేక్ లోబ్ మధ్యకీ ఎగ్జాస్ట్ లోబ్ మధ్యకీ ఉన్న కోణం. ఇది తగ్గేకొద్దీ రెండు వాల్వ్‌లూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. దాన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. హై ఆర్‌పీఎంలో అది మంచిదే, బయటికెళ్లే పొగ కొత్త గాలిని లోపలికి లాగుతుంది. కానీ ఐడిల్‌లో కాలిన పొగ తిరిగి ఇన్‌టేక్‌లోకి వచ్చేస్తుంది, మంట సరిగ్గా అంటుకోదు. మనం మురిసిపోయే ఆ "డబ్-డబ్" సౌండ్ ఏంటో తెలుసా? ఐడిల్‌లో ఇంజిన్ సరిగ్గా మండట్లేదు అని చెప్పడం!

నేను తెప్పించిన క్యామ్ 0.050 దగ్గర 244 డిగ్రీలు, సెపరేషన్ 108. ఏమైందో చూడండి. డ్యూరేషన్ పెద్దదైతే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. అప్పటికే పిస్టన్ పైకి వస్తూ ఉంటుంది. స్పీడ్ ఎక్కువున్నప్పుడు గాలి తన వేగంతో తోసుకుని లోపలికి వస్తుంది, పర్లేదు. స్పీడ్ తక్కువున్నప్పుడు పిస్టన్ ఆ గాలినే వెనక్కి నెట్టేస్తుంది. అంటే నిజంగా జరిగే కంప్రెషన్ పడిపోతుంది. అసలే 1971 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్, లెడ్ తక్కువున్న పెట్రోల్ కోసం కంప్రెషన్ తగ్గించేసింది. మా నోవా 8.5 మాత్రమే. ఉన్నదాంట్లోంచి ఇంకా తీసేశామన్నమాట. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే బండి ఆలోచించుకుని కదిలేది.

అది కూడా భరించొచ్చు. అసలు ప్రమాదం వేరే ఉంది. పవర్ బ్రేక్ పనిచేసేది ఇంజిన్ వాక్యూమ్‌తో. ఐడిల్‌లో 18 దగ్గర ఉండాల్సిన గేజ్ ముల్లు 9 దగ్గర ఊగుతోంది. ఆగిపోకుండా ఉండాలని ఐడిల్ 1100కి పెంచాం, దాంతో డ్రైవ్‌లో పెడితే చాలు బండి దానంతటదే ముందుకు లాగేది. ఒక ఆదివారం అన్నయ్య ఇంటి ముందుకి తిప్పుతుంటే పాప సైకిల్ మీద అడ్డం వచ్చింది. పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లతో తొక్కితే పాపకి నాలుగడుగుల దూరంలో ఆగింది. అన్నయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కిందకి దిగి, తాళంచెవి నా చేతిలో పెట్టి పాపని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మరి ఆ సౌండ్ పిచ్చి ఎక్కడిది? చాలామందికి 1967-69 కమారో జీ/28 నుంచి వచ్చింది. దాని 302 ఇంజిన్ ట్రాన్స్-యామ్ రేసుల కోసం పుట్టింది. సాలిడ్ లిఫ్టర్ క్యామ్, 0.050 దగ్గర 254 డిగ్రీలు. కానీ దాంతో పాటు కంపెనీ ఏమిచ్చిందో చూడండి: 11 కంప్రెషన్, నాలుగు గేర్ల మాన్యువల్, 3.73 యాక్సిల్. అదంతా ఒక సెట్. మనం అందులోంచి క్యామ్ ఒక్కటే కాపీ-పేస్ట్ చేస్తే బగ్ రాక ఏమొస్తుంది?

అందుకే క్యామ్‌ని ఆఖర్న ఎంచుకోండి. ముందు ఒక కాగితం మీద రాయండి: కంప్రెషన్ ఎంత, హెడ్స్ ఏవి, గేర్‌బాక్స్ ఏది, ఆటోమేటిక్ అయితే కన్వర్టర్ స్టాల్ ఎంత, యాక్సిల్ రేషియో ఎంత, బ్రేకులు ఏవి. ఆ తర్వాత నిజాయితీగా ఇంకోటి: ఈ బండి ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో తిరుగుతుంది? మాది 1500 నుంచి 4500. అది చూసుకుని 0.050 దగ్గర ఇన్‌టేక్ 210, ఎగ్జాస్ట్ 216, సెపరేషన్ 112 ఉన్న చిన్న క్యామ్ వేశాం. రెండింటి మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి.

ఇక కొన్న క్యామ్ పాడవకుండా. పాత ఫ్లాట్ టాపెట్ రకం అయితే కొత్త క్యామ్‌కి కొత్త లిఫ్టర్లే వేయాలి. ఇప్పటి ఆయిల్స్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం జింక్ తగ్గించారు, కాబట్టి జింక్ ఉన్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి. మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో వదలొద్దు. లోబ్‌ల మీదికి ఆయిల్ వచ్చేది ఎక్కువగా క్రాంక్ చిమ్మితేనే. 2000 నుంచి 2500 మధ్య మారుస్తూ 20-30 నిమిషాలు నడపాలి. అందుకే టైమింగ్, కార్బ్యురేటర్, కూలెంట్ ముందే రెడీగా పెట్టుకోండి. బడ్జెట్ ఉంటే రోలర్ క్యామ్‌కి వెళ్లండి, ఈ బ్రేక్-ఇన్ తలనొప్పి చాలావరకు ఉండదు.

ఇప్పుడు మా నోవా ఐడిల్ 750. వాక్యూమ్ 17. సౌండ్ మామూలుగానే ఉంది, వీడియోకి పెద్దగా పనికిరాదు. కానీ పోయిన వారం అన్నయ్య ఫోన్ చేసి, పాపని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లానురా అన్నాడు. నాకది చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో క్యామ్ డిగ్రీయింగ్ ఎలా చేయాలో, డయల్ గేజ్ పెట్టి చూపిస్తా. అప్పటిదాకా ఉంటానండీ, నమస్తే.