పులుసుకు ప్రాణం... పెండలం!

పిండి కలపరు, పప్పు వేయరు. అయినా గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉంటుంది ఆ పులుసు. మర్మమంతా దుంపలోనే! శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెరటి కంచె మీద పాకే పెండలం తీగకీ, ఆఫ్రికాలో ఇగ్బోల ఇంట ఉడికే సూపుకీ ఉన్న చుట్టరికం ఏమిటో చూద్దాం రండి.

పులుసు పల్చనైపోతే ఏం చేస్తారు? చెంచాడు బియ్యప్పిండో శనగపిండో నీళ్ళలో కలిపి పోసేస్తారు. రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది. పని జరిగిపోతుంది కానీ ఆ పిండి వాసన మాత్రం అన్నంలో కలిపిన మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. పెండలం పులుసు రుచి ఎరిగిన ఇళ్ళలో ఆ అవసరం రాదు. ఉడికిన ముక్కల్లోంచి నాలుగు తీసి, పప్పుగుత్తితో మెదిపి, తిరిగి గిన్నెలో కలిపేస్తారు. అంతే! ముక్కా అదే, పిండీ అదే. పులుసు వెన్నలా జారుతుంది. పైన ఇంగువ తాలింపు పడిందంటే ఇంకో కూర కోసం ఎవరూ చూడరు.

సరిగ్గా ఇదే కిటుకు మనకు దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో, ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బోల వంటింట్లోనూ ఉంది. వాళ్ళు చేసే ‘ఒఫె న్సాలా’ అనే సూపులో చేపలో మాంసమో ఉడుకుతుండగా యామ్ ముక్కలు వేస్తారు. మెత్తబడగానే వాటిని తీసి రోట్లో వేసి జిగురొచ్చేదాకా దంచుతారు. ఆ ముద్దను చిన్న చిన్న ఉండలుగా మరుగుతున్న రసంలో వేస్తే, ఉండలు నెమ్మదిగా కరిగి సూపు చిక్కబడుతుంది. వాళ్ళ వంటల్లో మామూలుగా ఎర్రటి పామాయిల్ పోస్తారు. ఇందులో పోయరు. అందుకే దీన్ని ‘తెల్ల సూపు’ అంటారు. మిరియాల ఘాటు, కాస్త చేదు ఆకు, ఎండు రొయ్యల పొడి... ఇవే దాని రుచులు. ఎండు రొయ్యలు అనగానే భావనపాడు, కళింగపట్నం తీరం వాళ్ళకు నోరూరితే అది వాళ్ళ తప్పు కాదు!

పేరు ఒకటే... దుంపలు వేరు!

మన దగ్గర పెండలం అన్న పేరుతో కాస్త గందరగోళం ఉంది. సగ్గుబియ్యం తయారుచేసేది కర్రపెండలంతో. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. నిటారుగా కర్రలా పెరుగుతుంది. పులుసులో వేసే పెండలం తీగజాతి. ఆకు తమలపాకును తలపిస్తుంది. తీగ చెట్టునో కంచెనో పట్టుకుని పైకి పాకుతుంది, దుంప నేలలోకి దిగుతుంది. ప్రపంచమంతా యామ్ అని పిలిచే కుటుంబం దీనిదే. ఇక కందకు ఇంగ్లిషులో యామ్ అన్న పేరు తగిలించారు కానీ, నిజానికి అది చేమదుంపకు చుట్టం. అందుకే ఆ రెంటికీ దురద గుణం ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత ఊరికే పుట్టలేదు!

ఇగ్బోలు పండించే తెల్ల యామ్ ఆఫ్రికాలోనే పుట్టింది. మన పెండలం ఆసియా దుంప. ఎప్పుడో వందల ఏళ్ళ కిందటే సముద్రాలు దాటి ఆఫ్రికా చేరి, అక్కడి పొలాల్లోనూ పాతుకుపోయింది. ఇందులో ఊదా రంగు గుజ్జు ఉన్న రకాన్ని ఫిలిప్పీన్స్‌లో ‘ఊబే’ అంటారు. దానితో చేసిన ఐస్‌క్రీములూ కేకులూ ఇప్పుడు పెద్ద పెద్ద నగరాల్లో ఫ్యాషన్. మన పెరట్లోని దుంపకు పక్కింటి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు అది!

ఇగ్బోలకు యామ్ తిండి మాత్రమే కాదు, పరువు కూడా. కొట్టంలో ఎంత యామ్ ఉంటే ఆ ఇంటి యజమాని అంత గొప్పవాడు. ఇగ్బో రచయిత చినువా అచెబె 1958లో రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో కథంతా ఈ పంట చుట్టూ ఉన్న ఊళ్ళలోనే నడుస్తుంది. ఈనాటికీ ప్రపంచంలో పండే యామ్‌లో సగానికి పైగా నైజీరియాదే. మనకు మాత్రం పెండలం పెరటి పంట. సంతకు వెళ్తే ఏ మూలనో మట్టి అంటుకుని కనిపించే దుంప. అబ్దికాల వంటలో బంగాళాదుంపకూ క్యాబేజీకీ చోటివ్వని ఇళ్ళు కూడా పెండలం, కంద, చేమలను పక్కన పెట్టలేదు. అవి ‘మనవి’ అన్న నమ్మకం అంత గట్టిది.

చింతపండు ఎప్పుడు వేయాలి?

పెండలం పులుసు చెడిందంటే చాలాసార్లు కారణం ఒక్కటే... తొందరపడి చింతపండు రసం ముందే పోసేయడం. పులుపు తగిలితే ముక్క ఉడకదని పెద్దవాళ్ళు చెప్పే మాటలో శాస్త్రం ఉంది. కూర ముక్కల్లో కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్ళలో మరిగితే విడిపోతుంది. పులుపులో అంత త్వరగా విడిపోదు. దాంతో ముక్క గట్టిగానే ఉండిపోతుంది.

రెండో సంగతి పిండికి సంబంధించింది. దుంపలోని పిండి కంటికి కనిపించని రేణువుల రూపంలో ఉంటుంది. నీళ్ళు కాగేకొద్దీ ఆ రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. మెదిపినప్పుడు బయటపడి రసమంతా పరుచుకుంటాయి. అప్పుడే పులుసు చిక్కబడుతుంది. పెండలంలో సహజంగా ఉండే జిగురు దీనికి తోడవుతుంది. కానీ పుల్లటి రసంలో అదేపనిగా మరిగిస్తే ఉబ్బిన పిండి తునకలైపోయి, చిక్కబడిన పులుసు మళ్ళీ పల్చనవుతుంది. కాబట్టి క్రమం ఇదీ: ముందు వట్టి నీళ్ళలో ఉడకాలి, తర్వాత మెదగాలి, ఆఖరున పులుపు తగలాలి. ఇగ్బోలు యామ్‌ను పూర్తిగా ఉడికించి దంచాకే సూపులో వేయడం వెనుక సూత్రమూ ఇదే. పుస్తకాలు చదవకుండానే రెండు ఖండాల ఆడవాళ్ళు ఒకే దారి కనిపెట్టారు!

కంద-బచ్చలిలోనూ ఇదే ఒడుపు. కంద మెదిగి పిండినిస్తుంది, బచ్చలి జిగురునిస్తుంది. రెండూ కలిసి చింతపండు పులుపునూ ఆవపిండి ఘాటునూ పట్టి ఉంచుతాయి. కందలో, చేమలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నాలుకకూ చేతులకూ దురద పుట్టించేవి అవే. బాగా ఉడికించడం, చింతపండు చేర్చడం ఆ దురదకు విరుగుడు. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోవడం మరవొద్దు. దురద తక్కువుండే ‘గజేంద్ర’ కంద రకం మన రాష్ట్రంలోని కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. అది దేశమంతా పాకింది.

చేమదుంపనూ ఇగ్బోలు వదల్లేదు. చేదాకుతో చేసే ‘ఒఫె ఒనుగ్బు’ అనే సూపును చిక్కబరిచేది ఉడికించి దంచిన చేమజాతి దుంపే. మనం చేమదుంపల పులుసులో ఎండు రొయ్యలు వేసుకున్నట్టే వాళ్ళూ అందులో ఎండు రొయ్యల పొడి చల్లుతారు.

కొత్త పంటకు పండగ

ఇగ్బోల ఊళ్ళలో ఏటా ఆగస్టు ప్రాంతంలో ‘ఇరి జి’ అనే పండగ వస్తుంది. జి అంటే యామ్. ఇరి జి అంటే యామ్ తినడం. కొత్త దుంపను ముందు దేవుడికీ పితృదేవతలకూ నివేదించి, ఊరి పెద్ద తొలి ముక్క తిన్నాకే మిగతావాళ్ళు నోట పెట్టాలన్నది సంప్రదాయం.

ఈ మాట సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవరలకూ జాతాపులకూ చెబితే ఆశ్చర్యపోరు. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళు, అంతకు ముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోవే. ఇక్కడ ‘కంది కొత్తలు’ చేసుకుంటారు. కొత్త కందులను దేవతకు పెట్టనిదే ఇంట్లో వండరు. మామిడికీ అలాంటి పండగే ఉంది. చేతికొచ్చిన పంటను అందరికంటే ముందు తినేయకూడదన్న నియమం వెనుక భక్తి ఒక్కటే లేదు, ముందుచూపూ ఉంది. కాయ ముదరాలి, విత్తు గట్టిపడాలి. అప్పటిదాకా ఆగాలి!

తూర్పు కనుమల్లోని గిరిజనులకు అడవి దుంపలు కొత్తేమీ కాదు. వాటిలో కొన్ని విషపూరితం. అలాంటి వాటిని పల్చగా కోసి, పారే నీళ్ళలో నానబెట్టి, విషం విరిగాకే వండుకుంటారు. తెలియనివాళ్ళు అడవి దుంపను పెరటి పెండలంలా అనుకుని వండితే ప్రాణం మీదికొస్తుంది. దుంప వండటం అంటే దాన్ని గుర్తుపట్టడం కూడా.

పెండలం పులుసు... ఇలా!

కావలసినవి: పెండలం 400 గ్రాములు, ఉల్లిపాయలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, చింతపండు నిమ్మకాయంత, బెల్లం చెంచాడు, పసుపు, ఉప్పు, కారం తగినంత. తాలింపుకు నూనె రెండు చెంచాలు, ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ.

తయారీ: పెండలం చెక్కు మందంగా తీసి అంగుళం ముక్కలు కోయాలి. కోసిన ముక్కలు నల్లబడకుండా నీళ్ళలో వేసి ఉంచాలి. గిన్నెలో ముక్కలు మునిగేటన్ని నీళ్ళు పోసి, పసుపు వేసి ఉడికించాలి. గుచ్చితే చాకు సులువుగా దిగాలి. అప్పుడు పావు వంతు ముక్కలు తీసి, కాస్త ఉడికిన నీళ్ళతోనే మెత్తగా మెదపాలి. వేరే గిన్నెలో తాలింపు వేయించి, ఉల్లి చీలికలు, పచ్చిమిర్చి వేసి మగ్గనివ్వాలి. మిగిలిన ముక్కల్ని నీళ్ళతో సహా ఇందులో పోసి ఉప్పు, కారం వేయాలి. ఒక పొంగు రాగానే మెదిపిన ముద్ద కలపాలి. ఉండలు కట్టకుండా గరిటెతో తిప్పాలి. చివర్లో చింతపండు రసం, బెల్లం వేసి సన్నని మంట మీద అయిదారు నిమిషాలు మరిగించి దించేయాలి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త జారుగానే ఉండాలి. చిక్కదనం ఎక్కువైతే వేడినీళ్ళు కలపొచ్చు.

వంద గ్రాముల పచ్చి యామ్‌లో సుమారు 118 కేలరీలు, 28 గ్రాముల పిండిపదార్థాలు, 4 గ్రాముల పీచు ఉంటాయి. పొటాషియం దండిగా ఉంటుంది. పిండిపదార్థం ఎక్కువ కాబట్టి మధుమేహం ఉన్నవాళ్ళు ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. కిడ్నీలో రాళ్ళ బాధ ఉన్నవాళ్ళు కంద, చేమ విషయంలో డాక్టరు సలహా తీసుకోవడం మంచిది.

వండితేనే విత్తనం!

వంగకో బెండకో విత్తనం పొట్లం కొనుక్కోవచ్చు. పెండలానికి ఆ సౌకర్యం లేదు. దుంపే కూర, దుంపే విత్తనం! ఈ ఏడు తవ్వినదాంట్లో కొంత దాచి పాతితేనే వచ్చే ఏడు తీగ మొలుస్తుంది. ఉన్నదంతా వండేసుకుంటే వంశం ఆగిపోతుంది. తమాషా ఏమిటంటే, అసలు వండటం మానేసినా ఆగిపోతుంది. తినేవాళ్ళు లేని దుంపను ఎవరూ పాతరు మరి. పెరడు పోయి కాంక్రీటు గచ్చు వచ్చాక, కంచె పోయి ప్రహరీ లేచాక తీగకు చోటెక్కడిది? ఏ ఇంటి పెండలం రుచి ఆ ఇంటిది. మెత్తగా మెదిగేది ఒకటి, ముక్క విడవనిది ఒకటి, లోపల ఊదా రంగు తిరిగేది ఒకటి. అలాంటి ఒక తీగ ఎండిపోయి మళ్ళీ పాతేవాళ్ళు లేకపోతే, దాన్ని ఏ దుకాణంలోనూ కొనలేం. తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ ‘శ్రీ కీర్తి’, ‘శ్రీ రూప’ లాంటి మేలు రకాలను ఇచ్చింది. అవి పొలానికి ఆసరా. కానీ అమ్మమ్మ పెరట్లోని రకాన్ని కాపాడాల్సింది ఆ ఇంటివాళ్ళే.

అదేమంత కష్టం కాదు. సంక్రాంతి రోజుల్లో తీగ ఎండి దుంప చేతికొస్తుంది. వంటకు కోసేటప్పుడు తీగ మొదలున్న తల భాగాన్ని పావు కిలో బరువుండేలా తీసి పక్కన పెట్టాలి. కోసిన చోట బూడిద అద్ది నీడపట్టున ఆరనివ్వాలి. రెండు మూడు నెలలు అది నిద్రపోతుంది. వేసవి ముదిరేసరికి తనంతట తానే మొలక తీస్తుంది. తొలకరికి ముందు అడుగున్నర లోతు గుంత తీసి, పశువుల ఎరువూ మట్టీ కలిపి నింపి, తొక్క వైపు పైకి ఉండేలా పాతి, ఎండుటాకులు కప్పాలి. తీగ పాకడానికి ఒక కర్ర దొరికితే చాలు. ఎనిమిది, తొమ్మిది నెలలు ఓపిక పడితే మళ్ళీ సంక్రాంతికి గిన్నెడు పులుసు... దాంతోపాటు ఆ పై ఏటికి మరో తల ముక్క!