సంక్రాంతికి ఇంటికి, శివరాత్రికి సూదిమందుకు
- కుక్కపిల్లను తెచ్చుకోవడంతోనే సరిపోదు
- కరవక ముందే పశువైద్యశాల గుమ్మం ఎక్కించాలి

చీపురుపల్లి: భాద్రపదం దాటి కార్తీకం వచ్చేసరికి మన పల్లెల్లో గడ్డివాముల కింద, పాడుబడ్డ గోడల చాటున కుక్కపిల్లల కూతలు మొదలవుతాయి. కుక్క కడుపుతో వుండేది సుమారు 63 రోజులు. భాద్రపదంలో గుంపులు కట్టి తిరిగిన కుక్కలు కార్తీక, మార్గశిరాల్లో ఈనుతాయి. ఆ పిల్లలు తల్లిపాలు మానే వేళకు కళ్లాల్లో ధాన్యం రాశులు పడతాయి. రాత్రిపూట కాపలాకు అరిచే నోరొకటి వుంటే బాగుండునని రైతుకు అనిపిస్తుంది. పండుగ సెలవులకు ఇంట్లో వున్న పిల్లలు ఈలోగా ఒకదాన్ని చంకనెత్తుకుని వచ్చేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లకు కుక్కపిల్ల వచ్చే ముచ్చట ఇదే.

వచ్చిన దానికి పేరు పెడతారు. మెడకు తాడు కడతారు. గిన్నెలో ఇంత గంజన్నం పోస్తారు. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఆవుకు జబ్బు చేస్తే, గేదె మేత మానేస్తే పశువైద్యశాలకు పరుగెత్తే రైతు కూడా కుక్కపిల్లను ఆ గుమ్మం ఎక్కించాలని అనుకోడు. ఎవరైనా గుర్తు చేస్తే "కుక్కపిల్లకి సూదేటి బాబూ, ఇంత కూడెడితే అదే పెరిగిపోద్ది" అన్న జవాబు వస్తుంది. అన్నం పెడితే పెరిగే మాట నిజమే. అన్నంతో పోనివి కూడా కొన్ని వున్నాయి.

తొలి రాత్రుల ఏడుపు

కుక్కపిల్ల కళ్లు తెరిచేది పుట్టిన పది, పద్నాలుగు రోజులకు. మూడు, నాలుగు వారాలకు పాలపళ్లు వస్తాయి. ఎనిమిది వారాలు నిండే దాకా తల్లి దగ్గరే వుండనివ్వడం మంచిది. తోటి పిల్లలతో ఆడుకుంటూనే ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆపాలో అది నేర్చుకుంటుంది. కళ్లు తెరిచీ తెరవగానే ఎత్తుకొచ్చిన పిల్ల బలహీనంగా వుంటుంది. తర్వాత మనుషుల మీద నోరు పెట్టే అలవాటూ దానికి ఎక్కువే.

కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రాత్రులు అది ఏడుస్తుంది. తల్లి వెచ్చదనం లేక, తోడు లేక ఏడ్చే ఏడుపు అది. కొడితే భయం కూడా తోడవుతుంది గాని ఏడుపు ఆగదు. తల్లి పడుకున్న చోట వేసిన పాత గోనెసంచిని వెంట తెచ్చుకుంటే ఆ వాసనకు కొంత కుదురుకుంటుంది. పుష్యమాసపు మంచు తగలకుండా పశువుల సాలలోనో, వసారాలోనో ఓ మూల అట్టపెట్టెలో పాతగుడ్డలు పరిచి పడుకోబెట్టాలి. మనుషుల అలికిడి వినపడేంత దూరంలో వుంటే మరీ మంచిది.

తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే బయటికి తీసుకుపోయి ఒకే చోట వదులుతుంటే కొద్ది వారాల్లో ఆ చోటుకు అలవాటు పడుతుంది. ఇంట్లో తడి చేసినప్పుడు ముక్కు దానికేసి రాయడం వల్ల అది నేర్చుకునేదేమీ లేదు, మనల్ని చూసి బెదరడం తప్ప.

గిన్నెలో ఏమి వుండాలి

నిండా పాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం లేదా ముళ్లు తీసిన చేప కొద్దికొద్దిగా రోజుకు మూడు, నాలుగు సార్లు పెట్టాలి. మనం తినే చోడి అంబలి కూడా కాస్త పోయవచ్చు గాని దానితోనే సరిపెట్టకూడదు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు కావాలి. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. అందుచేత పులుసు, కూర కలిపిన అన్నం పెట్టకూడదు. ఉప్పు ఎండుచేప కూడా వద్దు. మంచినీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఎదురుగా వుండాలి.

ముందు నట్టలు, తర్వాత టీకాలు

పుట్టిన కుక్కపిల్లల్లో చాలా వాటికి నట్టలు తల్లి కడుపులో వున్నప్పుడే చేరిపోతాయి. కొన్ని తల్లిపాల ద్వారా వస్తాయి. పొట్ట డబ్బాలా వుబ్బి, వెన్నెముక బయటపడి, బొచ్చు గరుకెక్కిన పిల్లను చూసి "బాగా తింటోంది" అనుకోవడం పొరపాటు. రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకొకసారి నట్టల మందు పట్టించాలని పశువైద్యులు చెబుతారు. కుక్క మలంలోంచి మట్టిలో కలిసే నట్టల గుడ్లు ఆ మట్టిలో ఆడుకునే పసిపిల్లల కడుపులోకీ పోతాయి. కుక్కపిల్లతో ఆడిన పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కునే అన్నానికి కూర్చోవాలని చెప్పేది అందుకే.

పిల్ల బరువును బట్టి మందు మోతాదు మారుతుంది. గేదెకు తెచ్చిన నట్టల మందు సీసాలో మిగిలిపోయిందని ఒక మూత పోయడం, పశువుల మీద పిడుదులకు కొట్టే మందును కుక్కపిల్ల ఒంటికి పూయడం ప్రాణం మీదికి తెస్తాయి. జ్వరమని మనుషులు వేసుకునే మాత్రలు వేయడమూ అంతే. అసలు కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వుంటుంది. చెయ్యి వేసి చూసి జ్వరమని తేల్చేయరాదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి వేసే టీకా ఇది. మూడు, నాలుగు వారాల ఎడంతో పదహారు వారాల వయసు దాకా మళ్లీ వేయించాలి. పార్వో 1978లో ప్రపంచానికి తెలిసిన జబ్బు. నిన్న గెంతిన పిల్ల ఇవాళ వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. దిష్టి తగిలిందని పల్లెల్లో అనుకునే చావుల్లో ఇవీ వుంటాయి. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతికి వుంటుంది. అలా పిల్ల చనిపోయిన ఇంటికి టీకాలు పూర్తికాని కొత్త పిల్లను తేవడమంటే దాన్నీ పోగొట్టుకోవడమే. గచ్చునూ గిన్నెలనూ బ్లీచింగు పౌడరు నీళ్లతో కడగాలి. పాత గోనెలు కాల్చివేయాలి.

మూడో నెల ముఖ్యం

అన్నిటికన్నా ముఖ్యమైనది రేబిస్ టీకా. మూడు నెలలు నిండగానే వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు రెండోసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి వేయించాలి. కార్తీకం చివర పుట్టి సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్లకు శివరాత్రి ప్రాంతానికి మూడు నెలలు నిండుతాయి. పండుగల లెక్కన గుర్తు పెట్టుకున్నా చాలు. వూళ్లో పిచ్చికుక్క తిరిగిందన్న మాట వుంటే మాత్రం మూడు నెలల దాకా ఆగకుండా డాక్టరును అడగాలి. అవసరమనుకుంటే ఆయన ముందుగానే వేస్తారు. సూది వేసిన రోజునే రక్షణ రాదు. ఒంట్లో ఆ బలం చేరడానికి కొన్ని వారాలు పడుతుంది.

"చిన్న కుక్కపిల్ల, దాని పంటికి విషమేటి" అనే మాట మన వూళ్లలో వినబడుతూనే వుంటుంది. ఈ మాటే ప్రాణాలు తీస్తోంది. రేబిస్‌కు వయసుతో పని లేదు. తల్లిని పిచ్చికుక్క కరిచినా, గడ్డివాము కింద వున్న పిల్లనే కరిచినా ఆ జబ్బు రెండు నెలల పిల్లకూ వస్తుంది. జబ్బు బయటపడక ముందు కొద్ది రోజుల నుంచే చొంగలో క్రిమి వుంటుంది. ఆడుకుంటూ పంటితో గీరినా, గాయం మీద నాకినా అది మనిషిలోకి చేరుతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అనుమానపు జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది పదిహేనేళ్ల లోపు పిల్లలే. కుక్కపిల్లతో ఎక్కువగా ఆడేదీ వారే. గీరిన మాట ఇంట్లో చెబితే తిడతారని దాచేదీ వారే. లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు ఈనాటికీ లేదు.

అందుచేత పంటి గీత చిన్నదైనా వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే సూదులు నాలుగు విడతలు. మొదటి సూది వేసిన రోజు, ఆ తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరం. కుక్కపిల్ల హుషారుగానే వుంది కదా అని సూదులు ఆలస్యం చేయకూడదు. దాన్ని పది రోజులు కనిపెట్టి చూస్తూనే సూదులు మొదలుపెట్టాలి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పెద్దవాళ్లలో ఇంకా పోలేదు. గొర్రె మెదడు నుంచి తయారు చేసిన ఆ పాత మందును మన దేశంలో 2004 చివరికే మాన్పించారు. ఇప్పటి సూదులు చేతికి వేస్తారు. పాత భయంతో పసరు వైద్యానికి పోయిన వారిని ఏ సూదీ వెనక్కు తీసుకురాలేదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు

మండలంలోని పశువైద్యశాలలో కుక్కకూ వైద్యం చేస్తారు. పెద్ద జబ్బులకు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వంటి వాటికి ఎక్కడికి వెళ్లాలో అక్కడి డాక్టరే చెబుతారు. గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల వుంది. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నెంబరుకు ఫోను చేయవచ్చు.

పిల్లను గంపలో గోనె పరిచి కూర్చోబెట్టి, పైన గుడ్డ కట్టి తీసుకువెళ్లాలి. బండి మీద చేతిలో పట్టుకుంటే బెదిరి దూకుతుంది. మొదటి టీకాలు పూర్తికాని పిల్లను ఆసుపత్రి ఆవరణలో నేల మీద వదలరాదు. జబ్బు కుక్కలు తిరిగిన చోటది. ఎప్పుడు పుట్టింది, ఏమి తింటోంది, విరేచనం ఎలా వుంది, ఇంట్లో ఎవరినైనా కొరికిందా అన్నవి దాచకుండా చెప్పాలి. నలతగా వున్న పిల్లకు ఆ రోజు టీకా వేయరు. దానికి విసుక్కోకూడదు.

టీకా మందును బయట మందుల దుకాణంలో కొనవలసి వస్తే ఒక జాగ్రత్త వుంది. అది 2 నుంచి 8 డిగ్రీల సెంటీగ్రేడ్ చలిలోనే వుండాలి. చొక్కా జేబులో వేసుకుని ఎండలో పది కిలోమీటర్లు తెస్తే సీసా వుంటుంది గాని మందులో పస వుండదు. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. టీకా వేసిన తేదీ రాసిన కార్డు అడిగి తీసుకుని రేషను కార్డు దాచిన చోటే దాచుకోవాలి.

ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేసే శిబిరాలు జరుగుతుంటాయి. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్ అనే కుర్రవాడికి తొలిసారి రేబిస్ మందు వేశాడు. పిల్లవాడు బతికాడు. శివరాత్రికి తప్పిపోయిన వారు ఆ రోజైనా వదులుకోకూడదు.

ఆడపిల్ల అయితే...

ఇంటికి తెచ్చేటప్పుడు అందరూ మగపిల్లనే ఏరుకుంటారు. మిగిలిన ఆడపిల్లలను గోనెలో వేసి సంత దగ్గరో, పక్క వూరి పొలిమేరలోనో వదిలి వచ్చే అలవాటు రెండు జిల్లాల్లోనూ వుంది. అవి చావగా మిగిలినవి ఏడాది తిరగకుండానే ఈనుతాయి. వాటికి టీకా వుండదు. తిండి పెట్టే ఇల్లు వుండదు. మన పిల్లలు బడికి వెళ్లే దారిలో ఎదురయ్యేవి అవే. ఆరు నెలలు దాటిన కుక్కకు ఆపరేషను చేయిస్తే ఈ బెడద తగ్గుతుంది. వీధి కుక్కలకు ఆపరేషను, టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పంచాయతీలు పశువైద్య శాఖతో కలిసి వచ్చే భాద్రపదానికి ముందే ఈ పనికి పూనుకోవాలి.

పిచ్చికుక్క కరిస్తే ఆవూ చస్తుంది, గేదే చస్తుంది. వేల రూపాయల పశువును సాలలో కట్టుకున్న రైతుకు, ఆ సాలకు కాపలా కాసే కుక్కకు వేయించే ఒక్క సూది భారం కాదు. పశువును ఆసుపత్రికి తోలుకు వెళ్లే రోజున కుక్కపిల్లను కూడా గంపలో పెట్టుకు వెళితే ఒక్క దారిలోనే రెండు పనులూ అవుతాయి.