కంటెయినర్‌లో పంచాంగం

ఇల్ఫర్డ్‌లో ఒక తెలుగు సంఘానికి వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్ ఉందనుకుందాం. అది డాకర్ కంటెయినర్‌లో నడుస్తోంది. స్థానిక సూర్యోదయాన్ని బట్టి తిథిని గణించే పీహెచ్‌పీ ప్యాకేజీని సంఘంవారే రాసుకున్నారు. ఉగాది హైదరాబాదులోనూ లండన్‌లోనూ ఒకే తేదీన రావాలన్న నియమం లేదు గనుక ఆ ప్యాకేజీ అలంకారం కాదు, అవసరం.

నడుస్తున్న కంటెయినర్‌లోకి వెళ్ళి దాన్ని స్థాపిస్తే ఆ పూటకు గడుస్తుంది. పండుగ ముందు కొత్త కంటెయినర్ పెట్టగానే, వాల్యూమ్‌లో లేనిదంతా పాతదానితోపాటే పోతుంది. ఇమేజ్‌ను నిర్మించేటప్పుడే ప్యాకేజీ అందులో చేరాలి.

2012లో వెలువడిన కంపోజర్ ఇందుకు రెండు ఫైళ్ళు వాడుతుంది. కంపోజర్.జేసన్ ఏయే వెర్షన్లు సమ్మతమో చెబుతుంది; కంపోజర్.లాక్ ఖాయమైన వెర్షన్‌ను నమోదు చేస్తుంది. మొదటిది వైద్యుని చీటీ అయితే రెండోది మందు పెట్టె మీది బ్యాచ్ సంఖ్య. ఇమేజ్ నిర్మాణంలో ‘ఇన్‌స్టాల్’ మాత్రమే నడపాలి. ‘అప్‌డేట్’ విడిగా చేసి, పరీక్షించి, మారిన లాక్ ఫైలును గిట్‌లో చేర్చాలి.

సొంత ప్యాకేజీని పక్క ఫోల్డరు నుంచి తెచ్చుకునేటప్పుడు కంపోజర్ వీలైతే నకలు తీయదు, సింబాలిక్ లింకు పెడుతుంది. బహుళదశల నిర్మాణంలో వెండర్ ఫోల్డరు ఒక్కటే తరువాతి దశకు చేరితే ఆ లింకు శూన్యాన్ని చూపుతుంది. సిమ్‌లింక్ ఐచ్ఛికాన్ని ‘ఫాల్స్’ చేస్తే నకలే వస్తుంది.

అన్నిటికన్నా మోసకారి వాల్యూమే. వర్డ్‌ప్రెస్ అధికారిక ఇమేజ్ తన ఫైళ్ళను వాల్యూమ్‌లోకి నకలు చేసేది అక్కడ వర్డ్‌ప్రెస్ లేనప్పుడే. ఉంటే ముట్టుకోదు, ఇమేజ్‌లో సవరించిన గణితం ఉన్నా సైటు పాత తిథినే చూపుతుంది. కనుక వెండర్ ఫోల్డరును వాల్యూమ్ మార్గానికి వెలుపల ఉంచి, ఆటోలోడ్ ఫైలును అక్కడి నుంచి పిలవాలి.